పొగ మాన్పించే మాట: ఏఐ రోగితో సాధనా, సీనియర్ పక్కన కూర్చోవడమా?

ఒంగోలులో కొత్తగా ఓపీ చూసే డాక్టరుకు సహజంగా వచ్చే సందేహం ఇది.

ఖర్చు: రోగిలా నటించే ఏఐకి ఫోను, ఇంటర్నెట్ చాలు. సీనియర్‌కు తీరిక దొరకాలి.

శ్రమ: పొగ అలవాటు గురించి అడగడం, మానమని చెప్పడం, సంసిద్ధత అంచనా వేయడం, సాయపడటం, మళ్లీ రమ్మనడం. ఈ 5 మెట్లనూ ఏఐతో అర్ధరాత్రి కూడా పదిసార్లు తప్పులు చేస్తూ నేర్చుకోవచ్చు. ఏ రోగికీ నష్టం లేదు.

ప్రమాదం: పొగ మాన్పించడానికి మందుగా ఇచ్చే నికోటిన్ మోతాదు తప్పు చెప్పినా ఏఐ ధీమాగానే చెబుతుంది. పైగా టంగుటూరు పొగాకు రైతు "మేం పండించేదే కదా డాక్టరుగారూ" అంటూ సగం కాలిన చుట్టను జేబులో దాచుకుంటాడే, ఆ చెయ్యి దానికి కనబడదు. తర్వాతి మౌనాన్ని దాటడం సీనియరే చూపించాలి. నా దృష్టిలో అసలు పాఠం అదే.

మాట తడబడుతుంటే ఏఐతో మొదలుపెట్టండి. మాట వచ్చినా రోగి రెండోసారి రావడం లేదంటే, సీనియర్ పక్కన కుర్చీ వేసుకోండి.