పట్టా తర్వాత ప్రదర్శన కళాకారులకు ఏ సాయం నిలుస్తుంది: ఒక విడత గ్రాంటా, ఏడాది పాటు గది సాయమా?

చదువు ముగియగానే ప్రదర్శన కళాకారుల చేతినుంచి ముందుగా జారిపోయేది సాధన చేసుకునే గది. దానితోపాటే లైట్లు, సౌండ్, చూసి తప్పొప్పులు చెప్పే నలుగురూ దూరమవుతారు.

గ్రాంటు నడపడం తేలిక: దరఖాస్తు, ఎంపిక, చెల్లింపు. కొత్త ప్రదర్శన తయారవుతుంది కూడా. చిక్కంతా ఆ తర్వాతే. బడ్జెట్‌లో సామగ్రి, హాలు అద్దె, వీడియో ఖర్చు ఉంటాయి గానీ కళాకారుల సొంత పారితోషికం తరచూ ఉండదు. దాంతో ప్రదర్శన ఒకసారి ఆడి ఆగిపోతుంది. గ్రాంటే ఇస్తే, రిహార్సల్ రోజులకూ పారితోషికం రాయించండి; 10 శాతం అనుకోని ఖర్చులకు పక్కన పెట్టించండి; చివరి వాయిదాను రెండో ప్రదర్శనకు ముడిపెట్టండి.

గది సాయం ఇలా ఉండాలి: వారానికి 2 పూటలు తాళంచెవి, నెలకోసారి అనుభవమున్న కళాకారులతో గంటన్నర, 3 నెలలకోసారి ఆహ్వానితుల ముందు 20 నిమిషాల ప్రదర్శన. ఆహ్వానితుల్లో ఫెస్టివల్ నిర్వాహకులు ఉండి తీరాలి. ప్రతిసారీ కత్తిరింపులు లేని వీడియో తీయించండి, టెక్నికల్ రైడర్ (ప్రదర్శనకు కావలసిన వేదిక, లైట్లు, సౌండ్ వివరాల పత్రం) రాయించండి. తర్వాతి దరఖాస్తులకు ఇవే పెట్టుబడి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు పగటి పూటలే కేటాయించడం. వేరే ఉద్యోగంతో బతికేవారు రాలేరు, గది ఖాళీగా పడి ఉంటుంది. సాయంత్రాలు, ఆదివారాలు ఇవ్వండి, దారిఖర్చులతో సహా.

కొత్తగా బయటికొచ్చినవారికి మేం గదినే ఎంచుతాం. ప్రదర్శన సిద్ధంగా ఉండి ఊరూరా తిప్పాలనుకునేవారికి మాత్రం నగదే కావాలి.