పాత షూకు గ్లిటర్: ఏ జిగురు మేలు?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బడుల వార్షికోత్సవాలు, ఆ వెనకే పెళ్లిళ్లు వస్తాయి కనుక, ఏటా ఈ రోజుల్లో నన్ను అడిగే ప్రశ్న మాత్రం మారదు. ఇంట్లో మూల పడి ఉన్న పాత షూకు గ్లిటర్ అద్దాలంటే ఫెవికాల్ సరిపోతుందా, బట్టలకు వాడే ఫ్యాబ్రిక్ గ్లూ కొనాలా, లేక మెరిసే షీటు కత్తిరించి అతికించేస్తే పని తేలికా? మేనకోడలి నృత్య ప్రదర్శన కోసం ఈ మధ్య ఒక తెల్ల కాన్వాస్ షూ జతను వెండిరంగులోకి మార్చవలసి వచ్చినప్పుడు నేనూ ఈ మూడింటినే తూకం వేసుకున్నాను. కుంచె ఎలా పట్టాలో, పొడి ఎలా చల్లాలో చాలామందికి తెలిసిన సంగతే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేది ధర కాదు, మెరుపు కూడా కాదు. షూ వంగే చోటు. నడిచేటప్పుడు కాలివేళ్ల మొదళ్ల దగ్గర షూ పైభాగం ప్రతి అడుగుకూ ముడత పడి మళ్లీ సాగుతుంది. ఒక కిలోమీటరు నడిస్తే ఒక్కో షూ సుమారు ఆరేడు వందల సార్లు అలా వంగుతుంది, మునివేళ్ల మీద లేచే నృత్యంలోనైతే ముడత ఇంకా లోతుగా పడుతుంది. మనం కొనే గ్లిటర్‌లో చాలా మటుకు పాలియెస్టర్ ఫిల్మ్‌కు అల్యూమినియం పూత, రంగు పట్టించి సన్నని ఆరు పలకల ముక్కలుగా కోసినదే. ఆ ముక్క సాగదు. సాగవలసిన భారమంతా ముక్కల మధ్య ఉన్న జిగురు మీద పడుతుంది. ఎండాక బిగుసుకుపోయే జిగురైతే ముడత దగ్గర పగిలి, పగులు అంచున పెచ్చు లేచి, అక్కడి నుంచి పొడి రాలడం మొదలవుతుంది. అందుకే ఏ జిగురైనా కొన్నాక షూ మీద పెట్టకముందే ఒక పాలిథిన్ కవరు మీద పలుచగా రాసి, ఒక రోజు ఆరనిచ్చి, ఊడదీసి రెండుగా మడవండి. మడిచిన చోట తెల్లని గీత పడినా, విరిగినా అది షూ ముందుభాగానికి పనికిరాదు. సీసా మీద ఏం రాసి ఉన్నా ఈ పరీక్షను నమ్మడమే మంచిది.

ముందుగా అందరి ఇళ్లలో ఉండే తెల్ల జిగురు. ఫెవికాల్ ఎంఆర్ వంటివి నీటిలో కలిసిన పాలీవినైల్ ఎసిటేట్ జిగుర్లు. ఇవి చవక, వాసన ఉండదు, పిల్లల చేతికి ఇచ్చినా భయం లేదు, ఎండాక పారదర్శకంగా మారతాయి కనుక గ్లిటర్ రంగు చెడదు. కాగితానికీ చెక్కకూ ఇవి చక్కగా సరిపోతాయి. షూ దగ్గరకు వచ్చేసరికి రెండు చిక్కులు ఎదురవుతాయి. తడి తగిలితే ఎండిన పొర మళ్లీ తెల్లబడి మెత్తబడుతుంది. వాన ఒక్కటే కాదు, పాదాల చెమట కూడా కాన్వాస్ గుండా లోపలి నుంచి వస్తుందని మరవకూడదు. రెండోది వేడి. ఈ పాలిమర్ స్వతహాగా ముప్పై డిగ్రీల చుట్టుపక్కలే గట్టి స్థితి నుంచి మెత్తని స్థితికి మారుతుంది కనుక, విజయవాడ ఎండలో నిలిపిన కారులోనో, బాల్కనీలో షూ స్టాండు మీదో వదిలేస్తే పొర జిడ్డుగా తయారై దుమ్మును పట్టుకుంటుంది. ఒక్క సాయంత్రం వేదిక మీద మెరిస్తే చాలు, మర్నాడు షూ పారేసినా పరవాలేదు అనుకునేవారికి తెల్ల జిగురు నిక్షేపంగా చాలు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ఫ్యాబ్రిక్ గ్లూ చీరల మీద అద్దాలు, కుందన్లు అతికించేవారికి కొత్తది కాదు. ఫెవిక్రిల్ ఫ్యాబ్రిక్ గ్లూ వంటి వాటిని బట్టతో పాటు వంగేందుకు, ఆరాక ఉతుకును కొంతవరకు తట్టుకునేందుకే తయారు చేస్తారు. నేను ఎంచుకున్నది ఇదే. కాన్వాస్ షూ కూడా నేతబట్టే కాబట్టి జిగురు దారాల మధ్యకు దిగి పట్టు సంపాదిస్తుంది, పైన మిగిలిన పొర ముడతతో పాటు సాగి వెనక్కి వస్తుంది. అయితే దీన్ని మందంగా పూస్తే ఈ సుగుణమంతా పోతుంది. మందపు పొర పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, మొదటి నడకకే మొత్తంగా జారుతుంది. గ్లిటర్‌ను జిగురులోనే కలిపి, పలుచగా ఒక పూత వేసి, అది ఆరాక మరొకటి, అవసరమైతే ఇంకొకటి వేయడం నాకు నచ్చిన పద్ధతి. జిగురు రాసి పైన పొడి చల్లే పద్ధతిలో తొలి మెరుపు ఎక్కువ, నిజమే. కానీ పైన ఉన్న ముక్కలకు అడుగున మాత్రమే పట్టు ఉంటుంది, కలిపి పూసినప్పుడు ప్రతి ముక్కా చుట్టూ జిగురులో ఇమిడి ఉంటుంది. చివర గ్లిటర్ లేని జిగురునే ఒక పలుచని పైపూతగా వేస్తే రాలడం చాలా తగ్గుతుంది. గంటకే ఆరినట్టు కనిపించినా పూర్తి పట్టు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. రేపు పొద్దున్న ప్రదర్శన ఉందనగా ఈ రాత్రి మొదలుపెట్టేవారికి ఇది నప్పదు.

మూడోది మెరిసే షీటు. ఇందులో ఫోమ్ షీటు ఒక రకం, రెగ్జిన్ వంటి గ్లిటర్ బట్ట ఇంకొక రకం. గ్లిటర్ కర్మాగారంలోనే అతికి వస్తుంది కనుక ఇంట్లో పొడి చిందదు, మెరుపు అంతటా సమంగా ఉంటుంది. ఈ రెండు విషయాల్లో చేతి పూత దీనికి సాటిరాదు. దీన్ని నిలబెట్టేది మాత్రం చెప్పులు కుట్టేవారు వాడే సొల్యూషన్, అంటే ఫెవిబాండ్, ఫెవికాల్ ఎస్ఆర్ వంటి రబ్బరు జిగురు. దాన్ని రెండు వైపులా రాసి, చేతికి అంటకుండా ఆరే దాకా పది పదిహేను నిమిషాలు ఆగి, ఒక్కసారిగా గట్టిగా అదమాలి. దాని ఆవిరి ఘాటైనదే కాదు, మండేది కూడా. వంటగదిలో పొయ్యి దగ్గరా, దేవుడి దీపం వెలుగుతున్న గదిలోనూ మూత తీయకూడదు. ఇక షీటుతో అసలు ఇబ్బంది షూ ఆకారంలో ఉంది. బ్లాక్ హీల్, అంటే దిమ్మెలా లావుగా ఉండే మడమ, ఒక వైపుకే వంపు తిరిగి ఉంటుంది కాబట్టి గాజు సీసాకు కాగితం చుట్టినట్టు షీటు దాని మీద సాఫీగా కూర్చుంటుంది. షూ ముక్కు అలా కాదు, రెండు దిక్కులా వంగి ఉంటుంది. అక్కడ సమతలపు షీటును పరిస్తే ఎక్కడో ఒకచోట మడత రాక తప్పదు, మడత కోసేస్తే అతుకు కనిపిస్తుంది, ఆ అతుకు సరిగ్గా వంగే చోటే పడుతుంది. హీల్‌కైతే షీటునే వాడమంటాను, ముందుభాగానికి వద్దంటాను.

మిగిలిన వాటికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ఫెవిక్విక్ ఎండితే గాజులా పెళుసు. పైగా నూలుబట్ట మీద పడితే చర్య వేగంగా జరిగి చర్మం కాలేంత వేడి పుడుతుంది కనుక కాన్వాస్ మీద వాడనే కూడదు. ఊడిన రాయి ఒకటి అతికించడానికి ఉంచుకోండి. గ్లిటర్ స్ప్రే ఒక రాత్రి ముచ్చట. ట్యూబు మూతి నుంచి పిండి ఉబ్బెత్తు గీతలు గీసే రంగు, త్రీడీ అవుట్‌లైనర్, ముగ్గు గీతలకూ పూల అంచులకూ బాగుంటుంది గాని షూ అంతా నింపడానికి కాదు.

పైన చెప్పిందంతా షూ దేనితో తయారైందన్న దాని మీద ఆధారపడుతుంది. నిజమైన తోలు అయితే పేరుకున్న పాలిష్ మైనాన్ని నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో తుడిచి, ఉప్పుకాగితంతో తేలిగ్గా గరుకు చేస్తే ఫ్యాబ్రిక్ గ్లూ బాగానే పడుతుంది. పీవీసీ రెగ్జిన్ బెల్లీ షూల మీద నీటి జిగుర్లు సరిగా పట్టవు. దానిని మెత్తగా ఉంచే నూనె వంటి పదార్థం కాలక్రమంలో పైకి ఊరి జిగురును వదులు చేస్తుంది. అక్కడ సొల్యూషన్ కొంత నయం. క్రాక్స్ తరహా ఫోమ్ చెప్పుల మీద ఇంటి జిగుర్లేవీ నిలవవు. అన్నిటికన్నా ముందు, పాత షూ నిజంగా బతికే ఉందో లేదో చూసుకోవాలి. పాలీయురిథేన్ పూత ఉన్న కృత్రిమ తోలు గాలిలోని తేమతో చర్య జరిగి క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఏళ్ల తరబడి బీరువాలో దాచిన షూ, వాడకపోయినా, పైతోలు పొలుసులు లేవడం, అడుగు పొడి పొడిగా రాలడం ఇందువల్లే. గోటితో గీరితే పొర లేచి వచ్చే షూ మీద ఎంత మంచి జిగురు పూసినా అది ఆ పొరతో సహా ఊడి వస్తుంది.

గ్లిటర్ పరిమాణం కూడా వంపును బట్టే ఎంచుకోవాలి. 0.2 మిల్లీమీటర్ల సన్నరకం ముక్కల మధ్య జిగురు సాగేందుకు చోటు ఎక్కువ, కాబట్టి ముందుభాగానికి అదే. మిల్లీమీటరు వెడల్పున్న ముతక రకం ముడత దగ్గర అంచు లేచి మేజోళ్లను, చీర అంచును గీరుతుంది. దాన్ని మడమ వెనకకో, బొటనవేలి మీది గట్టి భాగానికో పరిమితం చేయండి. నిజానికి చీర కట్టుకున్నవారి కుచ్చిళ్ల కింద నుంచి కనిపించేది ఆ ముక్కు భాగమే. ముడత పడే అడ్డపట్టీని ఖాళీగా వదిలి, ముక్కు దగ్గర దట్టంగా మొదలుపెట్టి వెనక్కి పోయే కొద్దీ పలుచన చేస్తే చూపుకు లోటు ఉండదు, పగలడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇలా చేస్తే తెల్ల జిగురు కూడా తన శక్తికి మించి నిలుస్తుంది.

రాలే పొడి గురించి ఒక మాట. మన ఇళ్లలో షూ గుమ్మం దగ్గరే విడుస్తాం, పాకే పిల్లలు ఉన్న ఇంట్లో ఆ పొడి చేరేది వాళ్ల అరచేతులకే. ప్లాస్టిక్ గ్లిటర్ నేలలో, నీటిలో కరగదు. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ గ్లిటర్ అమ్మకంపై ఆంక్షలు అమలులోకి తెచ్చింది కాబట్టి జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న మనవాళ్లు మొక్కల పీచు నుంచి చేసే సెల్యులోజ్ రకాలను వెతుక్కోవలసి ఉంటుంది. అభ్రకం పొడి మరో దారి. గూడూరు గనుల పేరు విన్నవారికి అభ్రకం కొత్త కాదు. దాని మెరుపు గ్లిటర్‌లా చురుక్కుమనదు, పట్టుబట్ట నిగనిగలా ఉంటుంది. పెళ్లి షూకు నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది, వేదిక దీపాల కింద మాత్రం తేలిపోతుంది.

ఫ్యాబ్రిక్ గ్లూ వైపు నన్ను మొగ్గించిన మరో కారణం మరమ్మతు. షీటు ఒక మూల లేస్తే కింద పాత జిగురంతా గీకి మళ్లీ అతికించాలి, రంగు కలిసే ముక్క దొరక్కపోతే మొత్తం మార్చాలి. చేతి పూత ఊడిన చోట మెత్తని బ్రష్‌తో దులిపి, మిగిల్చిపెట్టుకున్న గ్లిటర్‌ను చెంచాడు జిగురులో కలిపి అద్దితే అతుకు తెలియదు. అందుకని మొదటిసారి వాడిన అదే గ్లిటర్ పొట్లాంలో కొంచెం షూ పెట్టెలోనే దాచి ఉంచండి.