పాటకీ పాటకీ నడుమ: డెత్ క్యాబ్ ఫర్ క్యూటీతో నా పంతొమ్మిదేళ్లు

డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ అనే ఈ అమెరికన్ రాక్ బ్యాండ్ గురించి అడిగిన ప్రతివాళ్లకీ ఒకప్పుడు ఒకటే మాట చెప్పేవాణ్ణి: "పాట అయ్యాక వీళ్లు వదిలే నిశ్శబ్దం విను. అసలు సంగతంతా అక్కడే ఉంది." మూడేళ్లు అలాగే చెప్పాను. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు నా దగ్గరున్న సీడీ సంగతి చెప్పాలి.

బ్యాండ్ పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. వాషింగ్టన్ రాష్ట్రంలో కెనడా సరిహద్దుకు దగ్గరగా బెల్లింగ్‌హామ్ అనే ఊరుంది. 1997లో బెన్ గిబ్బర్డ్ అక్కడ చదువుకుంటూ ఒక్కడే పాటలు కట్టాడు, క్రిస్ వాలా వాటిని రికార్డు చేసిపెట్టాడు. ఆ క్యాసెట్ జనానికి నచ్చాక బ్యాండ్ అయింది. బేస్ గిటార్ నిక్ హార్మర్. డ్రమ్స్‌కి మనుషులు మారి మారి, 2003లో జేసన్ మెగర్ వచ్చాక కుదురుకుంది. మిగతాది ఎక్కడైనా దొరుకుతుంది.

నేను 2004లో అమెరికా వచ్చాను. మరుసటి ఏడు పక్క గది కుర్రాడు ట్రాన్సట్లాంటిసిజమ్ ఆల్బమ్‌ని ఖాళీ సీడీ మీద కాపీ చేసి ఇచ్చాడు. పైన నల్ల మార్కర్‌తో గీసిన నాలుగు అక్షరాలు తప్ప కవరూ లేదు, పాటల పేర్లూ లేవు. సియాటిల్‌లోని బార్సుక్ అనే చిన్న కంపెనీ 2003 అక్టోబరులో తెచ్చిన ఆల్బమ్ అది. పదకొండు పాటలు, అన్నిటి వెనకా దూరమే. 2006లో ఉద్యోగం వచ్చి సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్ చేరేసరికి ఆ సీడీ కారులోంచి బయటికి రావడం మానేసింది.

2007 ఆగస్టులో చీరాలలో నా పెళ్లయింది. రెండు వారాలకే తిరిగొచ్చేశాను. వీసా కాగితాలు, ఆవిడ స్కూలు ఉద్యోగం తెమలడం, అన్నీ అయ్యేసరికి ఏడు నెలలు పట్టింది. గీకి నంబరు చూసుకునే కాలింగ్ కార్డులు వాడేవాణ్ణి. ఇక్కడ అన్న మాట అక్కడికి చేరడానికి సెకను పైనే పట్టేది. ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్లం, ఒకేసారి ఆగేవాళ్లం. "చెప్పు." "లేదు, మీరు చెప్పండి." మళ్లీ ఖాళీ. ఫోన్ పెట్టేసి కారెక్కితే ఆ సీడీ. అందులోనూ పాట అవగానే రెండు సెకన్లు ఏమీ ఉండదు, ఆ తర్వాతే ఇంకో పాట. ఆరో పాటకీ ఏడో పాటకీ మధ్య మరీ కత్తితో నరికినట్టు ఆగేది. నాకది ఫోన్లో వినే ఖాళీ లాగే ఉండేది. దూరం మీద ఆల్బమ్ కట్టినవాళ్లు కావాలనే ఇలా పెట్టారని గట్టిగా నమ్మాను.

2008 మార్చిలో తను వచ్చింది. ఏప్రిల్‌లో సియాటిల్‌కి ఉత్తరాన స్కాజిట్ లోయలో తులిప్ తోటలు పూస్తాయి, ఇక్కడి తెలుగువాళ్లందరం వెళ్తాం. అప్పటికి నా సీడీ గీతలు పడి తడబడుతోంటే లైబ్రరీ నుంచి అసలు సీడీ తెచ్చి పెట్టాను. ఐ-5 హైవే మీద ఎవరెట్ ఊరు దాటాక వాన పట్టుకుంది. తను కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆరో పాట అయిపోవచ్చింది. నా ఒంటికి అలవాటైన ఆ రెండు సెకన్ల కోసం చూస్తున్నాను. అవి రాలేదు. డ్రమ్స్ ఆగిపోయాక మిగిలిన హోరు ఆగలేదు. ఆ హోరులోంచే ఏడో పాట పియానో మొదలైంది.

వాల్యూమ్ పెంచాను. దాదాపు ఎనిమిది నిమిషాల పాట అది. మొదట నాలుగు పియానో మెట్లు, యంత్రంలా కొట్టుకునే చిన్న చప్పుడు, ఒక్క గొంతు. గిటార్ ఎప్పుడు వచ్చి చేరిందో తెలీదు. డ్రమ్స్ లేచేసరికి పాటలో మాటలు తగ్గిపోయి, దగ్గరకి రమ్మని అడిగే ఒకే వాక్యం మిగులుతుంది. దాన్నే మళ్లీ మళ్లీ అంటూ ఉంటే వెనక గొంతులు ఒక్కొక్కటీ వచ్చి కలుస్తాయి. అన్నేళ్లుగా వింటున్న పాటే. కానీ ముందు పాట చేతిలోంచి నేరుగా అందుకున్న పాటగా మొదటిసారి విన్నాను. ఆరో పాట ప్రేమ లేని దగ్గరితనం గురించి, ఏడోది ప్రేమ ఉన్న దూరం గురించి. ఆ రెంటినీ అతికిన చోటు లేకపోతే దేని బరువూ రెండోదాని మీద పడదు.

తిరుగు ప్రయాణంలో బూట్ల నిండా బురదతో కారెక్కి మళ్లీ అదే పెట్టాం. పదకొండో పాట అయ్యాక సన్నటి మోత ఒకటి మిగిలింది. మొదటి పాట మొదలయ్యేదీ ఆ మోతతోనే. సీడీ వెనక్కి తిరగడానికి పట్టే అర సెకను కూడా వానలో వినబడలేదు. "ఏవండీ, ఇది ఇందాక వచ్చిన పాటే కదా? మళ్లీ ఎప్పుడు మొదలైంది?" అంది తను. నాకూ తెలీలేదు.

తర్వాత కనుక్కుంటే తేలింది: కాపీ చేసే సాఫ్ట్‌వేర్ మామూలుగా ప్రతి పాట ముందూ రెండు సెకన్ల ఖాళీ పెడుతుంది. డిస్క్ మొత్తం ఒక్క బిగిన రాయమని ఎంచుకుంటే తప్ప పోదు. మూడేళ్లు నేను మెచ్చుకున్నది ఆ ఖాళీనే.

అప్పటినుంచి ఈ బ్యాండ్‌లో నేను వెతికేది ఒక్కటే, అతుకు. మా నాన్న మగ్గం నేసేవారు. పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగు కొసకి కొత్త పోగు కొస కలిపి, వేళ్లకి బూడిద అద్దుకుని, పురి పెట్టి అతికేవారు. ఒక్కో పోగూ అలాగే, వేల పోగులు. ఆ అతుకులన్నీ తెగకుండా దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి దాటితేనే మగ్గం ముందుకు నడిచేది. బ్యాండ్‌లో ఆ పని క్రిస్ వాలాది. గిటార్ వాయిస్తూనే రికార్డింగ్ బల్ల దగ్గరా తనే కూచునేవాడు. మొదటి ఏడు ఆల్బమ్‌ల ప్రొడ్యూసర్, అంటే రికార్డింగ్ అంతా నడిపించినవాడు, ఆయనే. పాట రాసినవాడికి పేరు వస్తుంది, ఏ పాట పక్కన ఏ పాట ఎలా నిలబడాలో చూసినవాడికి రాదు.

2004 చివర్లో పెద్ద కంపెనీ అట్లాంటిక్‌తో ఒప్పందం చేసుకుని 2005లో ప్లాన్స్ తెచ్చారు. అదే వీళ్ల ఉత్తమ ఆల్బమ్ అని చాలామందికి చెప్పాను. ఇప్పుడంత నమ్మకంగా చెప్పలేను. ఒక్క గిటార్, ఒక్క గొంతుతో మరణం గురించి పాడిన పాట ఇప్పటికీ నన్ను కదలనివ్వదు. మిగతాది మాత్రం ఇస్త్రీ పెట్టినట్టుంటుంది, చెయ్యి వేస్తే ఎక్కడా తగలదు. 2008 మేలో వచ్చిన నేరో స్టెయిర్స్ దానికి విరుగుడు. నలుగురూ కలిసి వాయిస్తుండగా టేపు మీదకి ఎక్కించారు, గరుకు గరుకుగానే వదిలేశారు. ముందుగా విడుదల చేసిన పాటే ఎనిమిది నిమిషాల పైన. అందులో నాలుగు నిమిషాలు దాటేదాకా గిబ్బర్డ్ నోరు విప్పడు, హార్మర్ బేస్ ఒక్కటే నడిపిస్తుంది. ఆ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 2011 కోడ్స్ అండ్ కీస్ నేను పెద్దగా వినలేదు, అంతకంటే చెప్పడానికీ లేదు.

2014 ఆగస్టులో వాలా వెళ్లిపోతున్నట్టు చెప్పాడు. మరుసటి నెల ఆఖరి కచేరీ. పదిహేడేళ్ల తర్వాత. నాకు కోపం వచ్చింది, బ్యాండ్ కొనసాగుతున్నందుకు. 2015లో వచ్చిన ఆల్బమ్ పేరు కింట్సుగి. పగిలిన పింగాణీని బంగారంతో అతికే జపాన్ కళ పేరు. అతికే మనిషి పోయాక అతుకు పేరు పెట్టారా అనిపించి రెండుసార్లు విని పక్కన పెట్టేశాను. అన్యాయం చేశానని ఇప్పుడు ఒప్పుకుంటాను. అందులో వాలా గిటార్ ఉంది, ప్రొడ్యూసర్ మాత్రమే రిచ్ కాస్టీ. ఒకటి రెండు పాటలు పాతవాటి పక్కన తల వంచక్కర్లేనివి. అయినా పాటకీ పాటకీ నడుమ ఎవరూ లేరనే అనిపిస్తుంది, ఇప్పుడు విన్నా.

2018 ఆల్బమ్‌లో సియాటిల్ మారిపోవడం మీద ఒక పాట ఉంది. పాత వీధులు, పాత ఇళ్లు కూలగొట్టి కొత్తవి కట్టేస్తున్నారని. అలా మారడానికి కారణమైన జీతాల్లో ఒకటి నాది. పాట బాగుంది. దాన్ని కారులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లడం మాత్రం నాకు కుదరలేదు.

నా కోపం కరగడం 2020 మార్చిలో మొదలైంది. అమెరికాలో కరోనా ముందుగా పట్టిన ఊళ్లలో సియాటిల్ ఒకటి. గిబ్బర్డ్ తన ఇంట్లోంచి రోజూ సాయంత్రం నాలుగింటికి లైవ్‌లో పాడేవాడు. ఆఫీసు మీటింగులు ఆపుకుని మరీ వినేవాళ్లం. అదే కాలంలో, అప్పటికి ఐదుగురైన బ్యాండ్ ఒక పద్ధతి పెట్టుకుంది. సోమవారం ఒకరు పాట మొదలుపెట్టి ఫైల్ పంపుతారు, మంగళవారం రెండోవాళ్లు తమకి తోచింది చేస్తారు, శుక్రవారానికి పాట. ఎవరి రోజు వాళ్లదే పెత్తనం, తీసేయాలన్నా కలపాలన్నా. 2022లో వచ్చిన యాస్ఫాల్ట్ మెడోస్ అలా పుట్టింది. నిజానికిది గిబ్బర్డ్‌కి కొత్త కాదు. లాస్ ఏంజెలెస్‌లోని జిమ్మీ టాంబరెల్లోతో పోస్టులో టేపులు పంపుకుంటూ చేసిన గివ్ అప్ ఆల్బమ్, 2003లోనే, ట్రాన్సట్లాంటిసిజమ్ కంటే కొన్ని నెలల ముందు వచ్చింది. అందుకే ఆ జట్టు పేరు ది పోస్టల్ సర్వీస్. దూరంగా ఉండి అతకడం ఇతనికి మొదటినుంచీ వచ్చు. నేనే ఆ విద్యంతా ఒక్క వాలా ఖాతాలో వేశాను.

2023లో ఆ రెండు ఆల్బమ్‌లకీ ఇరవయ్యేళ్లు నిండాయని రెంటినీ మొదటినుంచి చివరిదాకా వాయిస్తూ ఊళ్లు తిరిగారు. సియాటిల్‌లో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పాటల్ని ఫోన్లో తలో ముక్కా వినే వయసు తనది. ఆరో పాట దగ్గరికి వచ్చేసరికి నా అరచేతులు చెమట పట్టాయి. డ్రమ్స్ ఆగాయి. హోరు నిలబడింది. చప్పట్లు కొట్టబోయినవాళ్లు కూడా ఆగారు. పియానో వచ్చింది. వాలా వేదిక మీద లేడు, అతుకు తెగలేదు. "నాన్నా, ఒకటే పాటా ఇది?" అని చెవిలో అరిచింది అమ్మాయి. కాదని తలూపాను. ఆల్బమ్ చివర మాత్రం రికార్డులోలా మొదటికి తిరగలేదు, దీపాలు వేసేశారు. కాసేపటికి గిబ్బర్డ్ నల్ల బట్టలు మార్చి తెల్లవి వేసుకుని పోస్టల్ సర్వీస్‌తో వచ్చాడు.

కొత్తగా వినేవాళ్లకి ఈ బ్యాండ్‌ని సిఫార్సు చేస్తానా? నా మాట ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను. వాన ఊళ్లో ఉంటాను, ఏడు నెలలు ఫోన్ మీద కాపురం చేశాను, ఈ పాటలు నాకు పట్టడానికి అవి సరిపోతాయి. చెన్నై ఎండలో ఉండే మా తమ్ముడికి ఇచ్చి చూశాను, నాలుగో పాట దగ్గర ఆపేశాడు. డ్యాన్స్ కావాలనుకునేవాళ్లు గివ్ అప్‌తో మొదలుపెట్టండి. గిబ్బర్డ్ గొంతు సన్నగా, కుర్రవాడి గొంతులా ఉంటుంది, అది నచ్చకపోతే ఎన్ని ఆల్బమ్‌లు మార్చినా నచ్చదు. ట్రాన్సట్లాంటిసిజమ్ వినేవాళ్లు ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. పాటల వరస మార్చే షఫుల్ తీసేయండి, ఒక పాట చివరని ఇంకో పాట మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి, ఖాళీ లేకుండా వినిపించే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. తర్వాత ఆరో పాట చివరి నిమిషం నుంచి పెట్టుకుని ఏడో పాట మొదటిదాకా ఒకసారి పరీక్షించండి. మధ్యలో ఏ కాస్త నిశ్శబ్దం వినబడినా అది బ్యాండ్‌ది కాదు, మళ్లీ సెట్టింగ్స్ చూసుకోండి.