గుంటూరులో మర్దన సాధన తరగతులు: శిక్షణ పూర్తయినవారికి ఎంతవరకు ఉపయోగం?

మర్దనలో ప్రాథమిక శిక్షణ పూర్తయి, ధ్రువపత్రం చేతికి వచ్చినా, కొత్త మనిషి ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి ఇంకా జంకేవారి కోసం గుంటూరు అరండల్‌పేటలోని ఒక కేంద్రం ఆదివారం ఉదయం సాధన తరగతులు నడుపుతోంది. అక్కడ కొత్త పాఠాలేవీ చెప్పరు. నేర్చుకున్నదానినే వేర్వేరు వయసుల, వేర్వేరు పనుల మనుషులమీద అనుభవజ్ఞుల ఎదుట మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. కొంతకాలంగా వెళ్తున్నవాడిగా చెబుతున్నాను, నా చేతికి పని నిజంగా వచ్చింది ఇక్కడే.

ప్రాథమిక శిక్షణలో మనకు వరస వస్తుంది. స్వీడిష్ పద్ధతిలోని నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, కంపింపజేయడం ఏ క్రమంలో చేయాలో, కాళ్ళమీద, చేతులమీద ఒత్తిడి ఎందుకు గుండెవైపే సాగాలో, మోకాలి వెనుక గుంటలో రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడ ఎందుకు గట్టిగా నొక్కకూడదో తెలుస్తుంది. అయితే ఆ రోజుల్లో మేము ఒకరిమీద ఒకరం చేసుకునేవాళ్ళం. ఎదుటివారు మొహమాటానికి ‘బాగుంది’ అంటే అంతటితో సరిపెట్టుకునేవాళ్ళం.

ఇక్కడ ఆ మొహమాటానికి తావు లేకుండా ఒక పద్ధతి పెట్టారు. బల్లమీద పడుకున్నవారు తమకు తెలిసిన ఒత్తిడిని ఒకటి నుంచి పది వరకు ఒక అంకెగా చెప్పాలి. అంతకంటే ముందే, మర్దన చేసేవారు తాము ఎంత ఒత్తుతున్నామని అనుకుంటున్నారో ఒక కాగితంమీద రాసి పెట్టాలి. ‘నాలుగు’ అని నేను రాసినచోట అవతలివారు ‘ఎనిమిది’ అన్న సందర్భాలు మొదట్లో తరచుగా ఎదురయ్యేవి. ఆ తేడా తగ్గుతూ రావడమే ఇక్కడి పురోగతికి కొలమానం. వేళ్ళ స్పర్శ పదునెక్కడానికి మరో అభ్యాసం కూడా ఉంది: ఒక వెంట్రుకను పుస్తకంలో కాగితం కింద పెట్టి, కళ్ళు మూసుకుని దాన్ని వేలితో వెతకాలి, దొరికినకొద్దీ పైన కాగితాలు పెంచుతూ పోవాలి. చూడడానికి పిల్లల ఆటలా ఉన్నా, భుజం కింద బిగిసిన కండరపు పోగును పట్టుకోవడంలో దాని విలువ తెలుస్తుంది.

సాధన కోసం వచ్చేవారిలో మిర్చి యార్డు హమాలీలు ఎక్కువ. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి మోసి గట్టిపడిన మెడ, భుజాలను బొటనవేళ్ళతో లొంగదీయాలని చూస్తే ముందు మన కీళ్ళే దెబ్బతింటాయి. అందుకే పర్యవేక్షకులు మోచేతినీ ముంజేతినీ వాడమంటారు. ‘చేతి బలంతో కాదు బాబూ, కాళ్ళు ఎడం చేసి నిలబడి, ఒంటి బరువు ముందుకు వాల్చు’ అని వెనుక నిలబడి సరిదిద్దుతారు. హమాలీలు సబ్బుతో స్నానం చేసి వస్తేనే బల్ల ఎక్కనిస్తారు. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. కాబట్టి కారం దుమ్ముమీద నువ్వుల నూనె రాస్తే మంట అవతలివారి ఒళ్ళంతా, మన చేతులకూ పాకుతుంది. ఊరు తెలిసినవారికే తట్టే ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

అన్నిటికంటే మెచ్చుకోవలసింది, ఎవరికి చేయకూడదో వారు ఖచ్చితంగా చెప్పడం. జ్వరం, మానని గాయం, ఈమధ్య విరిగిన ఎముక, ఉబ్బిన సిరలు ఉన్నాయా అని ముందే అడుగుతారు. ఒకసారి పిక్క నొప్పి అంటూ ఒక పెద్దాయన వచ్చారు. ఒక కాలే వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. పర్యవేక్షకురాలు నూనె సీసా పక్కన పెట్టించి, ‘ఇది మేము ముట్టకూడదండీ, ముందు డాక్టరుకు చూపించండి’ అని వెంట వచ్చిన కొడుకుతో అప్పటికప్పుడే ఆసుపత్రికి పంపించారు. సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణానికే ముప్పు తెచ్చే అవకాశం ఉందని ఆ తరువాత మాకందరికీ వివరించారు. ఈ ఒక్క విషయం ఎదుట చూసి నేర్చుకోవడానికైనా ఈ తరగతులకు వెళ్ళవచ్చు.

లోపాలు లేకపోలేదు. బల్లలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. పక్కన నిలబడి చేతులు వేలాడదీస్తే పిడికిలి కణుపులు బల్లకు తగలాలని పాఠం చెప్పినవారే ఎత్తు మార్చుకునే ఏర్పాటు చేయకపోవడంతో, పొట్టివారు భుజాలు ఎగబట్టి చేయవలసి వస్తోంది. అభ్యాసకుల సంఖ్య పెరిగిన వారాల్లో పర్యవేక్షణ పలచబడుతుంది. ఎండాకాలం గదిలో గాలి ఆడక, చెమట నూనెతో కలిసి చెయ్యి జారిపోతుంది. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు గదులు, వేర్వేరు పర్యవేక్షకులు ఉన్నా, స్త్రీల గది మరీ ఇరుకని అక్కడ చేసేవారు చెబుతున్నారు. రుసుము అందరికీ ఒకటే అయినప్పుడు ఇది సరిచేయవలసిన విషయమే.

ఏమీ తెలియనివారు నేరుగా ఇక్కడికి రావడం వల్ల ప్రయోజనం లేదు, ముందు శరీర నిర్మాణం, ప్రాథమిక వరస ఎక్కడైనా నేర్చుకుని రావాలి. వచ్చేటప్పుడు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని, ఉంగరాలు, గడియారం ఇంట్లోనే వదిలి, రెండు పాత తువ్వాళ్ళు తెచ్చుకోండి. అక్కడ ఇచ్చేవి చాలవు.