ఆయా, డేకేర్, అమ్మమ్మ: మూడూ చూశాక నా లెక్క

మా పాపకి ఆరో నెల రాగానే నేను మళ్లీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను, ఇప్పుడు అది స్కూలుకి వెళ్తోంది. ఈ మధ్యలో ఇంటికొచ్చే ఆయా, డేకేర్, మా అమ్మ, ఈ మూడు ఏర్పాట్లూ నెలల తరబడి నడిపాం. ఏది చవక అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: నెల ఫీజు ఒక్కటే చూసి తేల్చకండి, ఆ ఏర్పాటు చెయ్యిచ్చిన రోజు మీకెంత పడుతుందో అది కూడా కలపండి.

నెలవారీగా మాకు అన్నిటికంటే ఎక్కువైంది ఆయా జీతమే. అయినా మొదటి ఏడాదికి మళ్లీ ఆయానే పెట్టుకుంటాను. పాప నిద్ర పాప టైముకే, పొద్దున్నే లేపి బయల్దేరదీసే గోల లేదు, పాపకి జలుబు చేసినా ఆమె వస్తుంది. చిక్కంతా ఆమెకి ఒంట్లో బాగోలేనప్పుడే. పొద్దున్నే ఆమె నంబర్ నుంచి ఫోన్ మోగిందంటే ఎత్తకముందే విషయం అర్థమయ్యేది, ఇక నేనూ మా ఆయనా ఎవరి మీటింగ్ వాయిదా వేయొచ్చో అని బేరాలు మొదలుపెట్టేవాళ్లం. జీతంతో కూడిన సెలవులు ఎన్ని, ఏది ఆమె పని, ఏది కాదు (పాప బట్టలు సరే, ఇంటిల్లిపాదివీ కాదు) అన్నీ ముందే కాగితం మీద రాసుకున్నాం కాబట్టి ఎప్పుడూ మాటామాటా రాలేదు. జీతం దగ్గర మరీ పీనాసితనం పనికిరాదు. నాలుగు నెలలకే ఆమె ఇంకో ఇల్లు చూసుకుంటే పాప మళ్లీ కొత్త మొహానికి అలవాటు పడాలి, అదీ 8, 9 నెలల నుంచి ఏడాదిన్నర దాకా, మనం కనబడకపోతే పిల్లలు గుక్కపట్టి ఏడ్చే వయసులో.

ఇక డేకేర్. మొదట చేర్పించిన చోట గోడలకి రంగులు, బొమ్మలు, ఫోన్‌లో చూసుకోడానికి కెమెరా, అన్నీ ఉన్నాయి. ఒకరోజు మీటింగ్ రద్దయి నాలుగింటికే వెళ్లాను. పాప ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు డైపర్ మార్చారు అని రాసే షీటు ఇచ్చారు, అందులో ఐదున్నరకి డైపర్ మార్చినట్టు అప్పటికే రాసుంది! పై నుంచి కింద దాకా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. నెల ముందు చెప్పలేదని డిపాజిట్ ఉంచేసుకున్నారు, పోతే పోయిందని మానిపించేశాం.

రెండోదాంట్లో రంగులూ లేవు, కెమెరా కూడా లేదు. కానీ ఏడాదిలోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి, ఆ మనుషులు కూడా ఏళ్లుగా అక్కడే ఉన్నవాళ్లు. పసివాళ్లందరినీ వెల్లకిలా పడుకోబెడతారు, పక్కల్లో దిండ్లు, మెత్తటి బొమ్మలు పెట్టరు, నేను చెప్పకుండా వెళ్లినా ఏమీ అనరు. పసిపిల్లల ఫీజు ఎక్కువ ఉండేది ఇందుకే, మనుషులు ఎక్కువ కావాలి కదా, పిల్ల పెద్దదయ్యేకొద్దీ అదే తగ్గుతుంది. మరీ చవగ్గా ఎవరైనా చెప్తే ఒక్కొక్కరు ఎంతమందిని చూస్తారో అడగండి. అందరూ ఎంతమంది అని కాదు, మీ పాప గదిలో, మధ్యాహ్నం పూట.

డేకేర్‌లో అసలు ఖర్చు బిల్లులో కనపడదు. తొలి ఏడాది జలుబులు వరసకట్టి వస్తాయి, ఏడాదికి 8 నుంచి 10 సార్లు కూడా మామూలేనని డాక్టర్ చెప్పారు. జ్వరం వస్తే మందు లేకుండా 24 గంటలు ఒళ్లు చల్లగా ఉంటే తప్ప రానివ్వరు (ఆ రూలు మంచిదే, మన పిల్లకి వచ్చినప్పుడే కోపం వస్తుంది), ఆ రోజులకీ ఫీజు కట్టాల్సిందే, మన సెలవులూ పోతాయి. ఆలస్యంగా వెళ్తే అదనం. ఇవన్నీ ఏడాదికి కలిపి పన్నెండుతో భాగించి చూస్తే ఆయాకీ డేకేర్‌కీ తేడా మేం అనుకున్నంత లేదు.

అమ్మ సంగతి. డబ్బు తీసుకోదు, ప్రేమకి కొదవ లేదు, కానీ నడక నేర్చిన పిల్ల వెనకాల రోజంతా తిరగడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎంత కష్టమో ఆవిడ నోటితో చెప్పదు. టీవీ తగ్గించమని నేనూ గట్టిగా అనలేను. కొన్నాళ్లకి పాపని డేకేర్‌కే పంపించి, జ్వరం రోజులకీ సెలవు రోజులకీ మాత్రం అమ్మని రమ్మన్నాం. మాకు కుదిరింది ఈ జోడీయే.

ఇంకోటి, ఈ ఖర్చంతా నా జీతంలోంచే తీసేసి "మిగిలేది ఇంతేగా, మానెయ్" అనే లెక్క మా ఇంట్లోనూ వచ్చింది. పిల్ల ఇద్దరిదీ, తీస్తే ఇద్దరి జీతాల్లోంచీ తియ్యాలి. పైగా మానేస్తే పోయేది ఆ నెల జీతమొక్కటే కాదు, మధ్యలో రావాల్సిన ఇంక్రిమెంట్లు, అనుభవం, మళ్లీ చేరేటప్పుడు ఎంతకి దిగాల్సి వస్తుందో అది కూడా. ఆ రెండేళ్లు నా చేతిలో దాదాపు ఏమీ మిగల్లేదు, నిజమే. ఉద్యోగం మాత్రం మానలేదు, ఇప్పుడు స్కూలు తర్వాత రెండు గంటలకే డేకేర్ ఫీజు కడుతున్నాం.