హ్యూమిడార్ రివ్యూ: వైజాగ్ ఉక్కలో ఈ చెక్క పెట్టె పనికొస్తుందా?

హ్యూమిడార్ అంటే సిగార్లు ఎండిపోకుండా, బూజు పట్టకుండా సరైన తేమలో దాచుకునే పెట్టె. ముందే చెప్పేస్తా, పెట్టె బాగుంది, టేబుల్ మీద పెడితే ఇంటికొచ్చిన ప్రతివాడూ ఇదేంటి అని అడుగుతున్నాడు, కానీ వైజాగ్‌లో ఉండేవాళ్ళకి ఇది సగం పనే చేస్తుంది, మిగతా సగం తేమ ప్యాక్‌లు, ఏసీ, ఇంట్లో ఉప్పు డబ్బా చేస్తాయి. నా రేటింగ్ అయిదుకి మూడు. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే పెట్టె అవే ఫొటోలతో వేరే వేరే పేర్ల మీద ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. గాజు మూత, ముందు గుండ్రంగా తేమ చూపించే ముల్లు మీటరు, లోపల సెడార్ చెక్క, మధ్యలో జరుపుకునే అడ్డు పలక, మూతకి మాగ్నెట్‌తో అతుక్కునే నల్ల ప్లాస్టిక్ డబ్బా, ఇవన్నీ ఉంటే అది ఇదే రకం. 50 సిగార్లు పడతాయని అమ్మేవాడు రాశాడు. పడతాయి, సన్నవైతే, అది కూడా కుక్కి కుక్కి పెడితే. రోబస్టోలు, అంటే అయిదు అంగుళాల పొడుగు లావుపాటివి, ముప్పై పెట్టేసరికే ఇక చాలు అనిపిస్తుంది, మధ్యలో గాలి తిరగాలి కదా.

అసలు ఇది మనకెందుకు అంటే, ఈ ఊళ్ళో సగం ఇళ్ళకి ఒక మర్చంట్ నేవీ అల్లుడో కొడుకో ఉంటాడు, మా ఇంట్లో మా బావ. షిప్ దిగి వచ్చినప్పుడల్లా డ్యూటీ ఫ్రీలో పట్టుకొస్తాడు, ప్యాసింజర్‌కి పాతిక సిగార్ల దాకా డ్యూటీ లేకుండా వదుల్తారు కాబట్టి ఆ పాతికా ఒకేసారి దిగిపోతాయి. కాల్చేది నెలకి ఒకటో రెండో. మిగతావి ఎక్కడ పెట్టాలి? మా మామ్మ చుట్టల కట్ట చూరులో దోపి పెట్టేది, ఈ పెట్టె చూసి "సుట్టలకి ఇల్లు కూడా కట్టీసినారేటి బాబూ" అంది. చుట్టకి నిజంగానే ఇంత అక్కర్లేదు. సిగార్ సంగతి వేరు, అందులో మూడు వరసల ఆకులుంటాయి, లోపల ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే బైండర్, పైన పల్చగా ర్యాపర్, ఈ మూడూ ఒకే తేమలో ఉంటేనే సమంగా కాలుతుంది. ఎండిపోతే ర్యాపర్ పగుల్తుంది, గబగబా వేడిగా కాలిపోయి నోరంతా చేదు. తడి ఎక్కువైతే పొగ రాదు, అయిదు నిమిషాలకోసారి ఆరిపోతుంది, ఇంకా ఎక్కువైతే బూజు.

(ఆరోగ్యం గురించి ఒక్క ముక్క. సిగార్ సిగరెట్ కన్నా నయం అనేవాళ్ళ మాట వినకండి. మన వైపు ఆడవాళ్ళు అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) పీల్చడం వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తోందని 1957లోనే డాక్టర్లు పేపర్ రాశారు, పొగ మింగకపోయినా నోటికి జరిగేది నోటికి జరుగుతుంది. పద్దెనిమిది లోపు వాళ్ళు ఇక్కడే ఆపేయండి.)

ఇప్పుడు అసలు విషయం. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా 70/70 అని రాస్తారు, 70 శాతం తేమ, 70 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 21 డిగ్రీలు. ఈ సలహా రాసేవాళ్ళు ఎక్కువమంది చలికాలంలో హీటర్ వేసుకునే దేశాల్లో ఉంటారు, వాళ్ళ ఇళ్ళల్లో గాలి పొడిగా ఉంటుంది, వాళ్ళ బాధంతా తేమ ఎలా పుట్టించాలా అని. మనకి సముద్రం పక్కనే. ఆగస్టులో బీరువాలో బట్టలు కూడా చెమ్మగా తగులుతాయి, సాల్ట్ డబ్బాలో ఉప్పు గడ్డ కడుతుంది, మనకి తేమ పుట్టించే మెషిన్ ఎందుకు చెప్పండి. ఈ పెట్టెతో వచ్చిన నల్ల డబ్బా లోపల ఉన్నది మామూలు స్పాంజి, నీళ్ళు పోస్తే తేమ వదులుతుంది, అంతే, ఎక్కువైన తేమని వెనక్కి తీసుకోదు. వానాకాలంలో దాన్ని పెట్టడం అంటే తడి గుడ్డ మీద ఇంకో తడి గుడ్డ కప్పడం. తీసి పక్కన పడేశా.

దాని బదులు బోవెడా ప్యాక్‌లు పెట్టాలి, ఇందులో రెండో మాట లేదు. లోపల ఉప్పు ద్రావణం ఉంటుంది, పైన నీటి ఆవిరిని మాత్రం పోనిచ్చే పొర, బయట తేమ తక్కువైతే వదులుతుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది. 62, 65, 69, 72 ఇలా తేమ శాతం నంబర్లతో దొరుకుతాయి, 60 గ్రాముల ప్యాక్ ఒకటి పాతిక సిగార్లు పట్టే జాగాకి, ఎన్ని సిగార్లు ఉన్నాయో కాదు పెట్టె ఎంతదో చూసి లెక్కేసుకోవాలి, అంటే నాకు రెండు. మన ఊరికి నేను 65 చెప్తా, 62 అయినా తప్పులేదు, 72 మాత్రం వద్దు. ఎందుకంటే శాతం ఒకటే అయినా గాలి వేడెక్కితే అందులో పట్టే నీళ్ళు పెరుగుతాయి, 21 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 18 గ్రాముల దాకా నీళ్ళు మోస్తుంది, 30 డిగ్రీల దగ్గర 30 గ్రాముల దాకా, కాబట్టి వేడిగా ఉన్న గదిలో 70 శాతం అంటే చల్లటి గదిలో 70 శాతం కన్నా చాలా ఎక్కువ నీళ్ళు. వేడి ఊళ్ళల్లో ఓ నంబర్ కిందకి దిగి ఉండటమే మేలు. ప్యాక్ గట్టిపడి పటిక ముక్కలా తగిలితే అయిపోయినట్టు, మెత్తగా ఉన్నన్నాళ్ళూ పనిచేస్తున్నట్టే. వీటి రేటు మాత్రం మంట, లోకల్‌గా జగదాంబ వైపు అడిగితే చాలా షాపుల్లో అసలు అదేంటన్నారు, ఆన్‌లైనే గతి.

కొత్త పెట్టె రాగానే సిగార్లు పెట్టేయకూడదు. పొడి చెక్క మీ సిగార్లలో ఉన్న తేమని లాగేసుకుంటుంది. ముందు రెండు మూడు రోజులు మూత తీసి వదిలేయాలి, నాది వచ్చినప్పుడు జిగురు వాసన, వార్నిష్ వాసన కలిసి కొట్టింది, ఫ్యాన్ కింద పెడితేగానీ పోలేదు. తర్వాత 84 శాతం ప్యాక్‌లు వేసి రెండు వారాలు మూసి ఉంచాలి, మధ్యలో చూద్దాం చూద్దాం అని తీయకూడదు, ఇది బోవెడా కంపెనీ వాళ్ళు చెప్పే పద్ధతే. తడి గుడ్డతో లోపలంతా తుడిచే పద్ధతి కూడా ఉంది, డిస్టిల్డ్ వాటర్‌తో, కానీ పల్చటి చెక్క వంకరపోతుంది, నేనైతే వద్దంటా. ట్యాప్ నీళ్ళు అసలే వద్దు, బూజుకి ఆహ్వానం. లోపలి చెక్క సంగతి కూడా చూసుకోండి, మంచిది సెడ్రెలా ఒడొరాటా, లాటిన్ అమెరికా చెట్టు, మన వేప కుటుంబంలోదే, తేమ పట్టి ఉంచుతుంది, దాని వాసన సిగార్‌కి పడుతుంది, పురుగుకి అంతగా నచ్చదంటారు. ఈ పెట్టెలో ఉన్నది గట్టి పలక కాదు, ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక) మీద పల్చగా అతికించిన పొర, మూత అంచు దగ్గర చూస్తే తెలిసిపోతుంది. ఈ రేటుకి అంతకన్నా రాదు కూడా.

ముల్లు మీటర్ మీద ఒక్క మార్కు కూడా ఇవ్వను. ఉప్పు టెస్ట్ చేయండి, ఎవరి మీటర్‌కైనా ఇదే టెస్ట్: సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, చుక్కలు చుక్కలుగా నీళ్ళేసి తడి ఇసకలా చేసి (కరిగిపోకూడదు), మీటర్‌తో పాటు జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి మర్నాటి దాకా వదిలేస్తే 75 చూపించాలి. ఇది 60 కూడా దాటలేదు. వెనకాల చిన్న స్క్రూ ఉంది, తిప్పితే ముల్లు జరుగుతుంది, జరిపినా రెండు వారాలకి మళ్ళీ దాని ఇష్టం. చిన్న డిజిటల్ మీటర్ ఒకటి తెచ్చి దానికీ ఉప్పు టెస్ట్ చేస్తే 73 చూపించింది, సరే రెండు కలుపుకుని చదువుతున్నా. ముల్లుది అలాగే ఉంచా, అందానికి.

ఇక వేడి. వైజాగ్‌లో హ్యూమిడార్ గురించి ఎవరూ చెప్పని ముక్క ఇదే. తేమని ప్యాక్ చూసుకుంటుంది, వేడిని పెట్టె ఏం చేయలేదు, గది ఎంత ఉంటే లోపల అంతే. మే నెలలో మనకి రాత్రిళ్ళు కూడా 28 దగ్గరే ఉంటుంది, ఏసీ లేని గది 32, 33 పోతుంది. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే ఉండి వస్తాయి, ఫ్యాక్టరీలో ఎంత జాగ్రత్త పడినా ఒకటో రెండో మిగలొచ్చు, 24 దాటి వేడి ఉంటే అవి పొదిగే ఛాన్స్ పెరుగుతుంది. లాసియోడెర్మా సెరికోర్నే అని శాస్త్రం పేరు, కొత్తదేం కాదు, ఇంట్లో పసుపు కొమ్ములకి, ధనియాలకి సన్న చిల్లులు పెట్టి పిండి చేసే గోధుమరంగు పురుగు ఉంటుంది చూడండి, అదే. సిగార్ మీద గుండుసూదితో పొడిచినట్టు చిల్లు, కింద సన్నటి పొడి కనిపిస్తే ఇక ఆలోచించకుండా అది బయటికి, మిగతావన్నీ పురుగు, గుడ్లు చావడానికి ఫ్రీజర్‌కి. ఇందుకే వంటింట్లో పోపుల డబ్బా దగ్గర హ్యూమిడార్ పెట్టొద్దని మా ఆవిడకి చెప్పడం, ఆవిడేమో రివర్స్‌లో, నీ పురుగు నా పసుపుకి పడుతుంది తీయ్ అంటుంది, అదీ పాయింటే.

నేనైతే బావ తెచ్చినవన్నీ పెట్టెలో పెట్టేముందే ఫ్రీజ్ చేసేస్తా. జిప్ కవర్లు రెండు ఒకదాన్లో ఒకటి, గాలి నొక్కేసి, ముందు ఒకరోజు ఫ్రిజ్‌లో కింద, తర్వాత మూడు రోజులు ఫ్రీజర్, మళ్ళీ ఒకరోజు కింద, అప్పుడు బయటికి. తొందరపడి ఫ్రీజర్ నుంచి డైరెక్ట్‌గా మన గాల్లోకి తెస్తే నిమిషంలో నీళ్ళు పట్టేస్తాయి, ర్యాపర్ పగుల్తుంది కూడా. ఫ్రిజ్‌లోనే శాశ్వతంగా ఉంచేస్తే పోలా అని అడిగేవాళ్ళకి: ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ గాలి పొడి, పైగా నిన్నటి వంజరం పులుసు వాసన రేపటి సిగార్‌లో వస్తుంది.

పెట్టె ఉండే చోటు నేను బెడ్‌రూమ్‌లో లోపలి గోడకున్న వార్డ్‌రోబ్ కింది అరకి మార్చా. పడమటి గోడ వద్దు, కిటికీ వద్దు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా వద్దు. రాత్రంతా ఏసీ 24లో పెట్టి పొద్దున్న ఆపేస్తాం కదా, గదిలో తేమ రాత్రి పడిపోతుంది, మధ్యాహ్నం బయట గాలి వచ్చి మళ్ళీ ఎక్కుతుంది, ఒకే ప్యాక్ రాత్రి నీళ్ళు వదిలి పగలు నీళ్ళు తాగుతుంటుంది పాపం. అర లోపల ఈ ఊపు తగ్గింది. గాజు మూత పెట్టె టేబుల్ మీద పెట్టుకోడానికి కొని అల్మారాలో దాచడం ఏంటని మీరు అనుకోవచ్చు, నేనూ అదే అనుకుంటున్నా, అందుకే ఒక మార్కు కట్.

మూత టైట్‌గా ఉందా లేదా చూడ్డానికి పది రూపాయల నోటు అంచు మీద పెట్టి మూసి లాగండి, పట్టుకున్నట్టు ఉండాలి, జారిపోకూడదు. నాలుగు వైపులా చేయాలి. ఇంకోటి, ఫోన్ టార్చ్ వేసి లోపల పెట్టి లైట్లు ఆపితే సందులు కనిపిస్తాయి, అయితే గాజు మూతకి ఇది కుదరదు, గాజు మీద నల్ల గుడ్డ కప్పి చూడాలి. నాది మూడు వైపులా గట్టి, వెనక బందుల దగ్గర వదులు. గాజు, చెక్క కలిసే చోట కూడా సన్నగా గాలి పోతోంది, అక్కడ పారదర్శక సిలికాన్ సన్నగా పూసి వారం ఆరబెట్టాక బాగుపడింది. మొదటిసారి కొనేవాళ్ళు గాజు మూత లేనిది కొనండి.

సిగార్‌కి చుట్టి వచ్చే పల్చటి పారదర్శక కవర్, సెలోఫేన్, తీయాలా ఉంచాలా అనేది పెద్ద గొడవ, నేను ఉంచేస్తా, దాంట్లోంచి తేమ మెల్లగా పోతూ వస్తూనే ఉంటుంది, ర్యాపర్‌కి గీతలు పడవు. వెనిలా, రమ్ వాసనలు పూసినవి మాత్రం వేరే డబ్బాలో, లేకపోతే అన్నీ వెనిలా అయిపోతాయి. తెల్లటి నూగు కనిపిస్తే అది బూజు అనే అనుకోండి, ఎవరైనా అది మంచిదే, సిగార్ పండిందని చెప్తే నమ్మకండి.

ఇంత చదివాక పదిలోపు సిగార్లు ఉన్నవాడు ఏం చేయాలి? ఈ పెట్టె కొనక్కర్లేదు. నాలుగు వైపులా క్లిప్పులు, రబ్బరు ఉన్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి పూర్ణా మార్కెట్‌లో స్టీలు సామాన్ల షాపుల వైపు దొరుకుతుంది, కొత్తదే తీసుకోండి, పచ్చడి పెట్టినది కాదు, కడిగి ఎండబెట్టి 65 ప్యాక్ ఒకటి, డిజిటల్ మీటర్ ఒకటి వేస్తే అయిపోయింది. నానబెట్టడాలు, రెండు వారాలు ఆగడాలు ఏవీ లేవు, వారానికోసారి మూత తీసి గాలి మార్చితే చాలు. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్ 12 తర్వాత, రోజుల తరబడి కరెంటు లేదు మనకి, అలాంటప్పుడు ఏసీ ఆగినా తేమ వరకు ఈ డబ్బా చెక్కపెట్టె కన్నా బాగా పట్టుకుంటుంది. సెడార్ వాసన రాదు, అదొక్కటే లోటు, దానికి సిగార్ బాక్సుల్లో వచ్చే పల్చటి చెక్క ముక్కలు రెండు లోపల వేసుకోవచ్చు.

మా బావ ఈ పెట్టె చూసి, నాకూ ఒకటి చెప్పరా, క్యాబిన్‌లో పెట్టుకుంటా అన్నాడు. క్యాబిన్‌లో ఇరవై నాలుగు గంటలూ ఏసీ, పొడి గాలి, పైగా సముద్రం ఎగిరితే గాజు మూత ఎక్కడ పడుతుందో. ప్లాస్టిక్ డబ్బా, రెండు ప్యాక్‌లు కొనిచ్చి పంపా.