గోదావరి నీటికి కార్బన్ ఫిల్టర్: నాలుగేళ్లు వాడాక

రాజమండ్రిలో మా కుళాయికి వచ్చేది గోదావరి నీరే. ఉప్పదనం ఉండదు కాబట్టి ఆర్వో జోలికి పోలేదు. ఎర్ర నీరు దిగిన రోజుల్లో బ్లీచింగ్ వాసనకి పిల్లలు నీళ్లు ముట్టడం లేదని వంటగదిలో కార్బన్ బ్లాక్ (బొగ్గు దిమ్మ) ఫిల్టర్ పెట్టించాం.

ఆ వాసన మొదటి రోజే పోయింది. కార్ట్రిడ్జ్ కొత్తగా వేసినప్పుడు మొదటి బిందెడు నీళ్లు నల్లపొడితో వస్తాయి, అవి మొక్కలకి పోస్తాను. ఏడో నెలలో క్లోరిన్ ఉందో లేదో తేల్చే పరీక్ష చుక్కలు వేసి చూస్తే కుళాయి నీరు పసుపెక్కింది, ఫిల్టర్ నీరు ఎక్కలేదు. మార్చడానికి వచ్చినతను కూడా "వాసన లేదు కదండీ, ఇంకా వాడుకోవచ్చు" అన్నాడు. నమ్మాను.

రెండో ఏడు అట్టపెట్టె మీద చిన్న అక్షరాలు చదివాను. క్లోరిన్‌కి 3000 లీటర్లు, ట్రైహాలోమీథేన్లకి (క్లోరిన్ వల్ల నీటిలో పుట్టే రసాయనాలకి) 1500 మాత్రమే. ఈ సగం ఎందుకో తెలుసుకునేదాకా నాకు టెన్షనే.

వరదతో కుళ్లిన ఆకులు, గడ్డి, మట్టి సారం నదిలోకి దిగుతాయి. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుగున పేరుకుంటుంది గానీ, డికాక్షన్‌లా కరిగిన సారం చాలావరకు నీటిలోనే ఉండిపోతుంది. శుద్ధి చేసేచోట పటిక అందులో కొంత లాగుతుంది. మిగిలినదానితో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి. రోటర్‌డామ్ నీటి సరఫరాలో పనిచేసిన యోహానెస్ రూక్ 1974లో ఈ సంగతి ప్రచురించాడు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో క్లోరోఫాం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు.

క్లోరిన్ బొగ్గుని తాకగానే విరిగిపోతుంది. క్లోరోఫాం అలా కాదు, బొగ్గు రంధ్రాల్లో అతుక్కుని ఉంటుంది. అదే చోటుకి ఆకుల సారమూ పోటీపడుతుంది. రంధ్రాలు నిండాక క్లోరోఫాం నీటితో పాటు వచ్చేస్తుంది, అప్పటికి క్లోరిన్ వాసన మాత్రం ఇంకా రాదు. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరుకి కూడా ఇది దొరకదు. అంటే ఆ ఏడాదంతా నేను చూసుకున్నది తప్పు గుర్తు.

ఇప్పుడు మాకు రోజుకి 12 లీటర్లు లెక్క, నాలుగు నెలలకోసారి మారుస్తున్నాను. ఒకటి 900 రూపాయలు. జులైలో కొత్తది తప్పనిసరి. ఈ ఖర్చు నాకు బరువనిపించలేదు.

క్లోరినే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. వానాకాలం విరేచనాలు, కలరా రాకుండా కాపాడేది అదే. ఫిల్టర్ దాటిన నీటిలో ఆ కాపలా ఉండదు, అందుకే పట్టిన నీళ్లు ఆ రోజే వాడేస్తాం. ఊరెళ్లి వస్తే ఐదు నిమిషాలు వదిలేశాకే పడతాను.

ధార సన్నం, స్నానాలకి ఇది చాలదు. గీజరు వేడికి క్లోరోఫాం ఆవిరిలో కలుస్తుంది కాబట్టి అక్కడ కిటికీ తెరిచే ఉంచుతున్నాం.